తడిరోడ్డూ, పొడివెలుగూ

మొన్న ఒకరింటికి గృహప్రవేశానికి వెళ్ళాను. హాల్లో సోఫా పైన గోడకి పెద్ద నీటిరంగుల బొమ్మ కట్టారు. సాయంత్రం వేళ, వాన వెలిసిన బజారు. రోడ్డంతా తడి. ఎదురుగా ఓ ఆటో, దాని దీపం పసుప్పచ్చగా సాగి సాగి రోడ్డు మీద పడి ఉంది. వెనకాల ఎక్కడో చార్మినారు ఉందో లేదో అన్నట్టు లేతనీలంగా నిలబడింది. నడిమధ్య ఎర్రగొడుగు పట్టుకుని ఓ మనిషి. ఆడో మగో చెప్పలేం. గొడుగు కింద రెండు కుంచెగీతలు, అంతే.

బాగుంది. బాగుందని పైకి అన్నాను కూడా. తీరా భోజనాల దగ్గర కూర్చుని పులిహోర కలుపుకుంటూండగా అనుమానం వచ్చింది. ఈ బొమ్మ నేనెక్కడో చూశాను. ఎక్కడబ్బా అని ఆలోచిస్తే పళ్ళ డాక్టరుగారి ముందుగదిలో! కాకపోతే అక్కడ చార్మినారు బదులు హౌరా వంతెన ఉంది. అంతకుముందు ఓ హోటలు లాంజిలో చూసినదాంట్లో వంతెన బదులు బొంబాయి వీటీ స్టేషను. ఊళ్ళు మారుతున్నాయి గాని గొడుగు మాత్రం అదే. ఆ ఎర్రగొడుగు మనిషికి దేశమంతా తిరగడమే పని కాబోలు పాపం!

ఈ వేళాకోళం ఇంతటితో పోయేదే. కాని ఆ తరువాత ఊళ్ళో నీటిరంగుల ప్రదర్శన ఒకటి పెడితే పనిగట్టుకుని వెళ్ళి, ఒక మూల నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చాను. ముప్ఫై పైచిలుకు నగరచిత్రాలు. వాటిల్లో ఇరవై దాకా తడిరోడ్లే! బయటికొచ్చి చూస్తే ఏప్రిల్ నెల. తారు మెత్తబడి చెప్పులకి అంటుకుంటోంది. ఆకాశంలో చుక్క మబ్బు లేదు. లోపల ఇరవై ఊళ్ళల్లో కుండపోతగా వాన కురిసి వెలిసింది. గుమ్మం దాటితే ఒక్కచుక్క లేదు.

ఎందుకిలా అని ఆలోచించాను. బొమ్మలు వేసేవాళ్ళు చేతకానివాళ్ళు కారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, తడికాయితం మీద రంగుని అదుపులో పెట్టడం మాటలు కాదు. కాయితం ముందే తడిపి దానిమీద రంగు పెడితే ఆ రంగు దానంతటది పాకిపోతుంది. ఎక్కడ ఆగుతుందో ముందుగా తెలియాలి. ఎండాక ఎంత వెలిసిపోతుందో కూడా తెలియాలి. తడిమీద చూసినప్పుడు చిక్కగా ఉన్న రంగు ఆరేసరికి తప్పకుండా పలచబడుతుంది. చీర ఉతికినవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. బకెట్లో ఉన్నప్పటి రంగు దండెం మీద ఉండదు కదా!

కాని తడిరోడ్డులో ఒక సుఖం ఉంది. వెలుగుని అది రెండింతలు చేసి ఇస్తుంది. ఒక దీపం పెడితే కింద ఇంకో దీపం, దాని కింద పొడుగాటి తోక. రంగు పాకిపోవడమే నీళ్ళలో నీడ తీరు గనక, కాయితం తన స్వభావాన్నిబట్టి చేసే పనీ, చిత్రకారుడికి కావలసిన పనీ ఒకటే అయిపోతాయి. దూరంగా ఉన్నవన్నీ మసకలో కలిసిపోతాయి కాబట్టి సైనుబోర్డులూ, కరెంటు తీగలూ, నీళ్ళ ట్యాంకులూ వెయ్యాల్సిన బాధ లేదు. అంటే మన ఊళ్ళలో ఏవైతే కంటికి గుచ్చుకుంటాయో వాటిని వాన తుడిచిపెడుతుంది. బొమ్మ అందంగా వస్తుంది. అందంగా వచ్చిందంటే అమ్ముడుపోతుంది. గోడకెక్కుతుంది. దాన్ని చూసి మరొకరు అలాంటిదే కావాలంటారు. ఒకప్పుడు ఎవరో సాహసంగా చేసిన ప్రయోగం ఈనాడు వంటపుస్తకంలో కొలతలయి కూర్చుంది.

నా ఫిర్యాదు అందం మీద కాదు. ఏడాదిలో ఎక్కువ రోజులు మన ఊళ్ళమీద కాసే ఆ పొడి ఎండ, దానికింద పడే నీడలు, వాటిలో ఉండే రంగులు, ఇవి ఎవరు వేస్తారు మరి?

నీడకి రంగేమిటి, నల్లగా ఉండేదేగా, అనకండి. ఈ విషయం చిత్రకారులకంటే మనకే బాగా తెలుసు. చీరల కొట్లో మీరేం చేస్తారు? ట్యూబులైటు కింద చూసి నమ్మరు. కొట్టువాణ్ణి బతిమాలుకుని చీరని గుమ్మం దాకా పట్టుకొచ్చి పగటి వెలుగులో చూస్తారు. లోపల నెమలికంఠం అనుకున్నది బయటికొస్తే ముదురాకుపచ్చ అవుతుంది. రంగనేది చీరలో ఎంత ఉందో దానిమీద పడే వెలుగులోనూ అంతే ఉందని మనం ఏ కళాశాలలోనూ చదవకుండానే నేర్చుకున్నాం. ఇంకొకటి. పెళ్ళికి షామియానా వేస్తారు, ఎర్రటి, పసుప్పచ్చటి గుడ్డలతో. మిట్టమధ్యాహ్నం దానికింద కూర్చున్నవాళ్ళ మొహాలు చూశారా? సగంమందికి జ్వరం వచ్చినట్టు, సగంమందికి కామెర్లు వచ్చినట్టు! పెళ్ళికూతురి తెల్ల మధుపర్కం నారింజరంగుకి తిరుగుతుంది. తరువాత ఫోటోలు చూసుకుని ఫోటోగ్రాఫరుని తిట్టుకుంటాం గాని అతని తప్పేమీ లేదు. అక్కడి నీడ రంగే అది.

నీడ అంటే వెలుగు లేకపోవడం కాదన్నమాట. సూర్యుడు నేరుగా పడని చోట ఇంకెక్కడెక్కడి వెలుగులో వచ్చి చేరతాయి. పైనుంచి ఆకాశం నీలం, పక్కింటి గోడ పసుపు, కిందనుంచి వేడెక్కిన నేల ఎరుపు. అందుకే మధ్యాహ్నంపూట సన్‌షేడు అడుగుభాగం చూస్తే నల్లగా ఉండదు, నేల మీంచి ఎగిరొచ్చిన వెలుగుతో గోధుమరంగులో మెరుస్తుంది. బడిలో మనకిచ్చిన రంగుపెట్టెలో నలుపు ఉండేది, నీడకి అదే పూయమనేవారు. మంచి నీటిరంగుల చిత్రకారులు చాలామంది ఆ నలుపు డబ్బా మూతే తియ్యరు. ఆల్ట్రామెరీన్ నీలం, ఇటుక రంగులాంటి బర్ంట్ సియెన్నా, ఈ రెండూ కలిపి బూడిదరంగు పుట్టిస్తారు. నీలం కాస్త ఎక్కువయితే చల్లని నీడ, ఇటుక ఎక్కువయితే వెచ్చని నీడ. తిరగమోతలో ఆవాలూ మెంతులూ పాళ్ళు మార్చినట్టే.

ఇక తెలుపు సంగతి. ఇదే నీటిరంగులో అసలు కిటుకు. నూనెరంగుల్లో వెలుగు కావాలంటే చివర్లో తెల్లరంగు తీసి పైన పెట్టొచ్చు. స్వచ్ఛమైన నీటిరంగులో తెల్లరంగు అనేదే లేదు. తెలుపంటే కాయితమే. వెలుగు ఎక్కడ కావాలో మొదటి కుంచె పెట్టకముందే నిర్ణయించుకుని ఆ చోటు ముట్టుకోకుండా వదిలెయ్యాలి. ఒకసారి రంగు పడిందా, ఆ వెలుగు పూర్తిగా తిరిగి రాదు. మన ముగ్గుకి ఇది తిరగేసిన లెక్క. ముగ్గులో నల్లటి నేలమీద తెల్లగా గీస్తాం. ఇక్కడ తెల్లటి నేలని కాపాడుకుంటూ చుట్టూ చీకటి గీస్తారు.

ఈ కాపాడుకోవడానికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ ఇంగ్లండుది. టామస్ గిర్టిన్ అని ఒకాయన, 1775లో పుట్టాడు, టర్నర్ పుట్టిన ఏడే. 1802లో ఇరవయ్యేడేళ్ళకే పోయాడు. పోవడానికి రెండేళ్ళ ముందు, 1800లో, 'చెల్సీలో తెల్లయిల్లు' అనే బొమ్మ వేశాడు. ఇప్పుడు లండను టేట్ గ్యాలరీలో ఉంది. బొమ్మ పెద్దదేం కాదు, ఇరవై అంగుళాల వెడల్పు. లండను అంచున థేమ్సు నది, సంధ్యవేళ, అంతా గోధుమరంగూ బూడిదనీలమూ కలిసిన మసక. దూరపు గట్టుమీద చిన్న ఇల్లొకటి తెల్లగా వెలుగుతూ ఉంటుంది. నీళ్ళలో దాని నీడా తెల్లగానే ఉంటుంది. ఆ ఇంటికి ఆయన రంగే వెయ్యలేదు. కాయితాన్ని అలా వదిలేశాడు. చుట్టూ ఉన్న ఆకాశం, నీళ్ళు, గట్టు, వీటన్నిటినీ ఒక్కమెట్టు కిందికి దింపి ఆ ఒక్క ఇంటినీ సూర్యుడికి అప్పగించాడు. గిర్టిన్ బతికుంటే నాకు తిండి దొరికేది కాదని టర్నర్ అంటూండేవాడని చెప్పుకుంటారు. నిజంగా అన్నాడో లేదో గాని, ఆ బొమ్మ చూస్తే అనే ఉంటాడనిపిస్తుంది.

గమనించారా, గిర్టిన్ దగ్గర కూడా నీళ్ళున్నాయి, నీళ్ళలో వెలుగుంది. నదీతీరపు ఊరు కాబట్టి అది ఆ ఊరి వెలుగు. అరువు తెచ్చుకున్నది కాదు.

తరువాత నూరేళ్ళకి జాన్ సింగర్ సార్జెంట్. ఆయన కథ మన ఆడవాళ్ళకి సరదాగా ఉంటుంది. లండనులోనూ, అమెరికాలోనూ డబ్బున్నవాళ్ళ భార్యలకి, కూతుళ్ళకి నూనెరంగుల్లో నిలువెత్తు బొమ్మలు వేసి పేరూ డబ్బూ గడించినవాడు. ఆ శాటిన్ గౌన్లూ, ముత్యాలూ, ఆ మెడలూ వేసి వేసి విసుగెత్తి 1907 నాటికి ఇక మనుషుల బొమ్మలు వెయ్యనని దుకాణం దాదాపు కట్టేశాడు. విసుగు పుట్టినప్పుడల్లా నీటిరంగుల పెట్టె పట్టుకుని వెనిస్ వెళ్ళిపోయేవాడు. అక్కడ గొండోలా పడవలో కూర్చుని, ఆ ఊగే పడవలోంచే, ఎదుట కనిపించిన గోడల్నీ మెట్లనీ వేసేవాడు. పట్టుబట్టల మీద తళుకులు వేసిన చెయ్యి పాతరాళ్ళ మీద తళుకులు వెతుక్కుంది.

'సాంతా మరియా దెల్లా సాలూతే' అని ఆ ఊళ్ళో పెద్ద తెల్లరాతి చర్చి ఉంది. 1904లో వేసిన ఆ బొమ్మని అచ్చులోనైనా సరే ఒకసారి చూడండి. తెల్లరాయి కదా, ఎంతభాగం తెల్లగా ఉందో వెతకండి. ఎండ పడిన కొద్దిచోట్ల తప్ప ఎక్కడా తెలుపు దొరకదు. రాయంతా నీలం, ఊదా, తేనెరంగు. అయినా రెండడుగులు వెనక్కి జరిగితే అది తెల్లరాయే, సందేహం లేదు. నీడల్లో అంత రంగు పోసి కూడా వస్తువు తెల్లనిదని నమ్మించడమే ఆయన చేసింది.

సార్జెంట్ నియమాలకి కట్టుబడేవాడు కాదు. కాయితం వదలడంతోబాటు, కావలసినచోట చిక్కటి తెల్లరంగు కూడా పెట్టేశాడు. రంగుని గోకేశాడు. మైనం కూడా వాడాడు. రంగు అంటకూడని చోట ముందుగా మైనం గీస్తే, పైన నీటిరంగు పూసినా అక్కడ నిలవదు, జారిపోతుంది. ఇది చదివి నేను నవ్వుకున్నాను. ఎందుకంటే మన కలంకారీవాళ్ళు నీలిమందు తొట్టిలో గుడ్డ ముంచేముందు నీలం అంటకూడని చోటల్లా మైనం రాసేవారు. వాళ్ళని ఎవరూ ప్రయోగశీలురు అనలేదు. అద్దకంవాళ్ళన్నారు.

ఆ నీటిరంగుల్ని సార్జెంట్ విడివిడిగా అమ్మడానికి ఇష్టపడలేదు. 1909లో బ్రుక్లిన్ మ్యూజియం ఒక్కసారిగా ఎనభైమూడు కొనేసింది. 1912లో బోస్టన్ మ్యూజియం మరో నలభైఅయిదు కొంది. అందుకే అవి ఇవాళ్టికీ గుంపులుగా ఒకేచోట దొరుకుతున్నాయి.

అదంతా దొరల వ్యవహారం, ఉత్తరదేశాల ఏటవాలు ఎండ, మనకెలా కుదురుతుంది అంటారా? నిజమే, కొంత నిజం. అందుకే కలకత్తా వెళదాం.

గగనేంద్రనాథ టాగూరు పేరు మనలో చాలామందికి రవీంద్రుడి అన్నకొడుకు వరసగానో, అవనీంద్రనాథుడి అన్నగానో తప్ప విడిగా తెలియదు. అది అన్యాయం. 1867లో పుట్టి 1938లో పోయాడు. 1903లో జపానునుంచి యొకోయామా తైకాన్, హిషిదా షున్సో అనే ఇద్దరు చిత్రకారులు కలకత్తా వచ్చారు. ఆ జోడాసాంకో ఇళ్ళల్లో వాళ్ళు పనిచేస్తూంటే అన్నదమ్ములిద్దరూ చూశారు. చూసి తమ్ముడు ఒకటి పట్టుకున్నాడు, అన్న ఇంకొకటి పట్టుకున్నాడు. అవనీంద్రుడు బొమ్మకి రంగు వెయ్యడం, కాయితాన్ని నీళ్ళలో తడపడం, ఆరబెట్టడం, మళ్ళీ వెయ్యడం, మళ్ళీ తడపడం, ఇలా మంచుతెర కప్పినట్టుండే 'వాష్' పద్ధతి తయారుచేశాడు. దాంతో పురాణాలూ, మొగలాయిలూ వేశాడు. గగనేంద్రుడు నల్లసిరా కుంచెతో కాకుల్ని వేశాడు! వానలో తడిసిన కలకత్తాని వేశాడు. 1912లో వచ్చిన రవీంద్రుని 'జీవనస్మృతి'కి సిరాబొమ్మలు ఆయనవే. పురాణం వదిలి తన ఊరి ఆకాశం కింది సంగతులు చూసినవాడు ఆయన.

ఆయన వేసిన 'ప్రతిమా విసర్జన్' అనే బొమ్మ ఉంది. దుర్గమ్మని నిమజ్జనానికి తీసుకువెళుతున్న రాత్రి. నేను అచ్చులోనే చూశాను, అయినా మరిచిపోలేను. బొమ్మ మొత్తం చీకటి. ఆ చీకట్లో ఒకచోట దీపాల వెలుగు బుసబుసా పొంగుతుంది. దాని చుట్టూ జనం. ఏ ఒక్కరి మొహమూ స్పష్టంగా లేదు. కాని గొడుగు మనిషిలాగ వాళ్ళు అలంకారానికి పెట్టిన చుక్కలు కారు. ఆ వెలుగు వాళ్ళది. వాళ్ళు మోసుకొచ్చినది. తెల్లారితే ఉండదని వాళ్ళకి తెలుసు. చీకటి కూడా ఒక్కరంగు కాదు, లోపల గోధుమరంగు వేడి ఉంది, అంచుల్లో నీలం చల్లదనం ఉంది. తడిరోడ్డు బొమ్మల్లో దీపాలు ఎవరివీ కావు. ఆటోలో ఎవరున్నారో, అది ఎక్కడికి వెళుతోందో వేసినవారికి పట్టలేదు. ఆ తేడా చెయ్యి తిరగడంలో ఉన్న తేడా కాదు.

తరువాత 1920ల్లో గగనేంద్రుడు వెలుగునే ముక్కలు ముక్కలు చేసి చూశాడు. మెట్లు, గుమ్మాలు, గదులు గాజుపెంకుల్లా విరిగి ఒక్కో పెంకులో ఒక్కోరకం వెలుగు. పికాసోని కాపీకొట్టాడని కొందరన్నారు. నాకైతే కిటికీ తలుపుల సందుల్లోంచి పెద్ద పాత ఇంట్లోకి దిగే ఎండచారలు తప్ప ఇంకేమీ కనిపించవు. 1922 డిసెంబరులో కలకత్తాలో జర్మనీ బౌహౌస్ చిత్రకారుల ప్రదర్శన జరిగితే, ఆయన బొమ్మలూ ఆ పక్కనే పెట్టారు. 1930లో పక్షవాతం వచ్చి మాటా పోయింది, కుంచే పోయింది.

ఆ ప్రదర్శనలోనే వాళ్ళ చెల్లెలు సునయనీదేవి బొమ్మలు కూడా ఉన్నాయి. ఈవిడ గురించి చెప్పకుండా దాటిపోలేను. ముప్ఫైయేళ్ళొచ్చి, సంసారం, పిల్లలు అన్నీ ఉన్నాక కుంచె పట్టుకుంది. గురువు లేడు. అన్నలు వేస్తూంటే చూసింది, అంతే. గీత గీసి, రంగు నింపి, కాయితాన్ని నీళ్ళలో ముంచి, అందులోంచి రూపం తేలేదాకా చూసేది. ఎంత చక్కని బొమ్మలో! కాని వాటిల్లో వీధి లేదు. రాధాకృష్ణులు, మట్టిబొమ్మల్లాంటి కళ్ళున్న ఆడవాళ్ళు. అన్నలకి కనిపించిన కలకత్తా రాత్రి ఆవిడకి ఏ కిటికీలోంచి కనపడి ఉంటుంది? కనపడినా ఎంతసేపు?

ఆ వాష్ పద్ధతి మన దాకా కూడా వచ్చింది. ప్రమోదకుమార చటర్జీ బందరు జాతీయ కళాశాలలో చిత్రలేఖనం చెప్పారు. అడివి బాపిరాజుగారు అక్కడ ఆయన దగ్గరే నేర్చుకున్నారు. కాని మనకి చేరింది తమ్ముడి మంచుతెర. అన్నగారి వీధి కాదు. బందరు బజారు, ఆ ఉప్పుగాలి, ఆ ఎండ, ఇవి ఆ మంచుతెరలో పట్టేవి కావు మరి.

మళ్ళీ మన ఎండ దగ్గరకి వద్దాం. ఉత్తరదేశాల్లో సూర్యుడు ఎప్పుడూ నడినెత్తికి రాడు. వెనిస్‌లో చలికాలం మధ్యాహ్నం కూడా పొద్దు అడుగంటినట్టే ఉంటుంది. అందుకని నీడలు పొడుగ్గా, పక్కకి పడి బొమ్మకి ఆకారం ఇస్తాయి. మనకి అలా కాదు. హైదరాబాదులో మే నెల రెండోవారంలో ఒకరోజు, ఆగస్టు మొదటివారంలో ఒకరోజు సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వచ్చి, నిటారుగా నిలబెట్టిన కర్రకి నీడే ఉండదు. అటూఇటూ కొన్ని వారాలపాటు మధ్యాహ్నమంతా నీడలు వస్తువుల కాళ్ళకింద దాక్కుంటాయి. గోడకి వాటంగా నీడ పడదు, ఊరు చదునుగా, తెల్లగా, రంగు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. పైగా పొడిగాలి. కుంచెతో ఆకాశం ఒకవైపునుంచి మొదలుపెట్టి రెండోవైపు వచ్చేసరికి మొదటివైపు ఆరిపోయి అంచు కట్టేస్తుంది. ఇంగ్లీషు పుస్తకంలో చెప్పినట్టు చేద్దామంటే కుదరదు. చిత్రకారులు వానకోసం ఎందుకు ఎదురుచూస్తారో అర్థమవుతోంది కదూ! నాకూ అర్థమయింది. కాని అర్థమయినంతమాత్రాన క్షమించబుద్ధి కావడం లేదు. గిర్టిన్‌కి తన నది, సార్జెంట్‌కి తన పడవ, గగనేంద్రుడికి తన దీపాల రాత్రి దొరికినట్టు, మన మిట్టమధ్యాహ్నానికి కూడా ఎవరో ఒకరు ఓ ఉపాయం కనిపెట్టాలి. అది కష్టమైనదనే కదా దాన్ని ప్రయోగం అంటాం!

ఇంకో చిన్న అనుమానం కూడా ఉంది. ఈ తడిరోడ్డు బొమ్మలన్నీ ఎక్కడ నిలబడి చూసినవి? రోడ్డు నడిమధ్య నిలబడి. నడిరోడ్డు మీద స్టాండు పెట్టుకుని రెండు గంటలు నిలబడగలిగేవాళ్ళు ఎవరు? మగవాళ్ళయినా లారీ గుద్దేస్తుంది! అంటే ఫోటో తీసుకుని ఇంటికొచ్చి వేస్తున్నారు. ఫోటోలో నీడ నల్లబడిపోతుంది, ఎండ తెల్లబడిపోతుంది. మధ్యలో ఉన్న రంగులన్నీ కెమెరా మింగేస్తుంది. పోయిన రంగుల చోట వాన పోస్తున్నారు.

ఆ ప్రదర్శనలో ఒక్క బొమ్మ మాత్రం నన్ను పట్టి నిలబెట్టింది. తలుపు వెనకాల మూలకి పెట్టారు, దాదాపు కనపడకుండా. పలక అంత ఉంది. వేసినావిడ పేరు ఇక్కడ రాయను, ఆవిడకి పేరు బయటపడటం ఇష్టం లేదన్నారు. అపార్టుమెంటు వెనకవైపు బాల్కనీ లోంచి ఎదుటి అపార్టుమెంటు వెనకవైపు. అంటే మనందరికీ రోజూ కనిపించేదీ, ఎవరూ బొమ్మ వెయ్యాలనుకోనిదీ. పైపులు, ఏసీ డబ్బాలు, ఓ తులసికుండీ. మిట్టమధ్యాహ్నం. గోడలో ఎండ పడినచోటంతా ఉత్త కాయితం. నిజంగా ఉత్తదే, దగ్గరకెళ్ళి చూశాను, ఓ చిన్న పెన్సిలు గీత తప్ప ఏమీ లేదు. కళ్ళు చిట్లించుకోవాలనిపించేంత తెలుపు. మూడో అంతస్తులో తీగమీద ఎర్రచీర ఒకటి ఆరేసి ఉంది. దాని వెనకాల గోడమీద నీడ పడాలి కదా, నీడ ఉంది. అది గులాబిరంగు. చీరలోంచి దూరి వచ్చిన ఎండ, నీడకి రంగు పూసేసింది. బాల్కనీ పైకప్పు అడుగున కూడా ఆ గులాబి కొంచెం ఎగిరి అంటుకుంది. బొమ్మ మొత్తానికి నలుపు ఎక్కడా లేదు. తడి ఎక్కడా లేదు. మనిషి కూడా లేదు. కాని చీరని ఇప్పుడే దులిపి ఆరేసి, క్లిప్పులు పెట్టి లోపలికెళ్ళిన మనిషి ఇంకా ఆ గుమ్మంలోనే ఉన్నట్టుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఏసీ డబ్బాలు అట్టపెట్టెల్లా ఉన్నాయి. కింది అంతస్తు కిటికీలు తొందరలో ముగించేసినట్టున్నాయి. ఎడమపక్క గోడలో రంగు ముందే ఆరిపోయి అంచు కట్టేసింది. నాకు అదే ముద్దొచ్చింది. మన గాలికి రంగు అలాగే ఆరుతుంది. గోడమీద పెచ్చు లేచినట్టే కుదిరింది. ఆవిడ కావాలని చేసిందో, చేయి జారిందో!

కొన్నాను. ధర అడిగితే ఫ్రేము ఖర్చుకంటే ఒక వెయ్యి ఎక్కువ చెప్పారు. ఇంటికి తెచ్చాక ఎక్కడ పెట్టాలన్నది పెద్ద సమస్యయింది. ఎండ బాగా పడే హాల్లో గోడకి పెడదామంటే నీటిరంగులకి ఎండ తగలకూడదు. వెలుగుకి రంగు తినేసిపోతుంది. అందులోనూ కొన్ని ఎరుపులు మరీ త్వరగా పోతాయి. పెద్ద మ్యూజియాల్లో నీటిరంగుల్ని మసకవెలుగులో కొన్ని నెలలపాటు మాత్రమే చూపించి మళ్ళీ చీకట్లో దాచిపెట్టేది అందుకే. ఎండని బొమ్మ వేసినవాళ్ళు ఆ బొమ్మని ఎండలో పెట్టుకోలేరు! చివరికి వంటింటికీ దేవుడి గదికీ మధ్య నడవలో, ఎండ రాని గోడకి కట్టాం.

మా అత్తగారు పూజ ముగించుకుని బయటికొచ్చి, కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. వాన బొమ్మలు ఇష్టం ఆవిడకి. ఏమంటారో అని నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.

"చీర మంచిదేనే, ముతకది కాదు. నీడ చూడు, ఎంత పల్చగా పడిందో!" అన్నారు. ఓ క్షణం ఆగి, "అంత ఎర్రదాన్ని మిట్టమధ్యాహ్నం ఎండలో ఎవరారేశారమ్మా, వెలిసిపోదూ?" అన్నారు.